గ్లాసుల మీద పేర్లు



ఈస్టరు దగ్గరకొస్తోంది. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం వాళ్లు నన్ను ఆపి, "అయ్యగారూ, పోయిన ఏడు పెట్టినట్టే సోమవారం సాయంత్రం టీ పెడదామా?" అని అడిగారు. పెడదాం. కానీ పోయిన ఏడు ఆ టీ దగ్గర ఏం జరిగిందో మీలో సగం మందికి తెలియదు. తెలిసినవాళ్లు నా మీద గౌరవం కొద్దీ ఎత్తకుండా ఊరుకున్నారు. నేనే చెప్పుకోవడం మంచిది.

అసలు ఈ టీ ఎందుకు మొదలైందో ముందు చెప్పాలి. మన టేకులపల్లి వైపు ఈస్టరు వచ్చేది ఇప్పపువ్వు రాలే రోజుల్లో. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఎండ ఎక్కకముందే, పశువులు మూతి పెట్టకముందే ఏరుకోవాలి. నేనేమో పునరుత్థాన ఆరాధన సరిగ్గా ఆ వేళకే పెడతాను. గుంపుల నుంచి వచ్చే మన కోయ విశ్వాసులు ఆ పూట కనబడరు. చాలా ఏళ్లు దాన్ని భక్తి తక్కువ కింద లెక్కేశాను. ఒకసారి చీకటితో లేచి వాళ్ల వెంట చెట్ల కిందికి వెళ్లి గంటసేపు నడుం వంచి ఏరాక నా లెక్క మారింది. సగం బుట్ట కూడా నిండలేదు, నడుం మాత్రం మూడు రోజులు పట్టేసింది. పండుగ ఆనందంలో వాళ్లకూ పాలు ఉండాలని, ఎండ తగ్గాక సాయంత్రం అయిదింటికి అందరం కలిసి టీ తాగుదామని అనుకున్నాం.

లెక్కలు మా ఆవిడ వేసింది. నూట ఇరవై మంది, మనిషికి రెండుసార్లు అయినా పొయ్యాలి. పది లీటర్ల పాలు, పది లీటర్ల నీళ్లు, అరకిలో పైన టీ పొడి, కిలోన్నర పంచదార. మన ఎండల్లో పాలు వచ్చిన వెంటనే కాచి పెట్టాలి, సాయంత్రం దాకా ఆగితే విరిగిపోతాయి. అల్లం దంచి నీళ్లలో ముందు బాగా మరగనిచ్చి ఆ తర్వాతే పాలు కలపాలి. పచ్చి అల్లం పాలల్లో వేస్తే ఏమవుతుందో యవ్వనస్థులు అంతకుముందు క్రిస్మస్‌కి చేసి చూపించారు! తినడానికి శనగ గుగ్గిళ్లు, మిరపకాయ బజ్జీలు, బిస్కట్లు.

కుర్చీలు, కప్పుల సంగతి నేను చూస్తానన్నాను. తప్పు అక్కడే జరిగింది.

ఆ రోజు కొత్తగూడెం నుంచి కొందరు పెద్దలు వస్తామన్నారు. మన మందిరం రేకుల కింద సహాయం చేసినవాళ్లు. వాళ్ల కోసం ముందు వరసలో ఇరవై నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గుడ్డ పరిచిన బల్ల, అడిగి తెచ్చిన పింగాణీ కప్పులు సాసర్లతో సహా సర్దించాను. బిస్కట్లు కూడా ఆ బల్ల మీదే. మిగతావాళ్లకు చాపలు, కాగితం కప్పులు. నా మనసులో చెడు లేదు. అతిథి మర్యాద అనుకున్నాను. ఎవరు చాప మీద కూర్చుంటారో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు, గుంపుల నుంచి, తండా నుంచి వచ్చేవాళ్లు తమంతట తామే చాప మీదికే వెళ్తారు.

నాలుగింటికి మా ఆవిడ టీ గంజు కడగడానికి వచ్చి, ఆ బల్ల వైపు చూసి, చిన్నగా, "ఏమండీ, మన మందిరంలో కూడా రెండు గ్లాసులా?" అంది.

చిన్నపిల్లలకు ఈ మాట అర్థం కాకపోవచ్చు. టీ కొట్లలో ఊరివాళ్లకు ఒక గ్లాసు, మాల మాదిగలకు వేరే గ్లాసు ఉండేది. 1955లో అంటరానితనం మీద చట్టం వచ్చాక కూడా ఎన్నో ఊళ్లలో ఉండేది. మా నాయన గ్లాసు కొట్టు బయట చూరులో చెక్కి ఉండేది. ఆయనే తీసుకోవాలి, టీ పైనుంచి పోస్తే పట్టుకోవాలి, తాగి ఆయనే కడిగి మళ్లీ చూరులో పెట్టాలి. డబ్బులు మాత్రం అందరిలాగే ఇవ్వాలి. నేను ఆయన లుంగీ పట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి. ఆ నాయన కొడుకునే ఇక్కడ కప్పులు రెండు రకాలు సర్దింది.

ఇంకా సిగ్గు ఏమిటంటే, అంతకుముందు వారమే యవ్వనస్థులకు అజరయ్య గారి గురించి పాఠం చెప్పాను. ఇల్లందు అవతల మన డోర్నకల్‌కు బిషప్‌గా ఉన్న వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారే. 1912లో కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడింబరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగితే అక్కడ లేచి మాట్లాడారు. అప్పటికి ఆయనకు ముప్పై అయిదేళ్లు. మిషనరీలకూ ఇక్కడి పనివారికీ మధ్య స్నేహం లేదని, ఏళ్ల తరబడి కలిసి పనిచేసినా ఇంటికి పిలిచి ఒక పూట భోజనం పెట్టనివాళ్లు ఉన్నారని వాళ్ల ముఖం మీదే చెప్పారు. కుర్చీ వేయడం, చేయి కలపడం, టీకి పిలవడం, ఇవి ఇవిగా తనకు అక్కర్లేదన్నారు. స్నేహానికి గుర్తుగా ఉంటేనే అవన్నీ కావాలన్నారు. మీరు మాకోసం ఎన్నో త్యాగాలు చేశారు, ఇప్పుడు మాకు స్నేహితులను ఇవ్వండి అనే అర్థంతో ముగించారు. సభలో కొందరికి ఆ మాటలు రుచించలేదు. ఇదంతా ఆవేశంగా చెప్పి, పిల్లల చేత చప్పట్లు కొట్టించుకుని, వారం తిరక్కుండా నేను చేసింది ఇది.

అందరికీ కాగితం కప్పులే ఇచ్చేస్తే సరిపోతుంది కదా అన్నాడొక సంఘపెద్ద. నేనూ సరే అనబోయాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. కాగితం కప్పు తాగి పారేసేది, ఎవరి ఎంగిలి ఎవరూ ముట్టుకోనక్కర్లేదు, అందుకే అది అందరికీ హాయిగా ఉంటుంది అంది. ఇప్పటికీ ఆ మాట గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. మన ఊళ్లలో రెండు గ్లాసులు పోయాయని సంతోషిస్తాం. కొన్ని చోట్ల పోలేదు, కాగితం కప్పు వాటిని కప్పింది.

నలుగురు పిల్లలు సైకిళ్ల మీద ఇల్లిల్లూ తిరిగి స్టీలు గ్లాసులు తెచ్చారు. అరవై రెండు దొరికాయి. అంటే ఒకరు తాగింది కడిగి ఇంకొకరికి ఇవ్వాలి. కుర్చీలు తీసి గోడకు వేశాం, మోకాళ్ల నొప్పులవాళ్లకు మాత్రం ఉంచాం. తొట్టి దగ్గర నేను కూర్చున్నాను, కొత్తగూడెం పెద్దల్లో ఒకాయన చొక్కా చేతులు మడిచి నా పక్కన కూర్చున్నాడు. కోయ పెద్దాయన ఒకరు గ్లాసు పట్టుకుని, తాగకుండా ఆలోచిస్తున్నాడు. ఏం పెద్దాయనా, చేదుగా ఉందా అంటే, "పాలు దూడవి గదా అయ్యగారూ, మా ఇంట్లో తాగం" అన్నాడు. పదేళ్లుగా మన సంఘంలో ఉన్న మనిషి. నేను ఒక్కసారి అడగలేదు. వెంటనే నల్ల టీ కాచి ఇచ్చాం, అది చూసి ఇంకో ఏడెనిమిది గ్లాసులు అటే తిరిగాయి.

అంతా సంతోషంగా జరిగిందని రాస్తే అబద్ధమవుతుంది. మన సంఘంలోనే రెండు కుటుంబాలు టీ ముట్టలేదు. ఒకరు కడుపు ఉబ్బరం అన్నారు, ఒకరు ఇప్పుడే తాగొచ్చాం అన్నారు. అంతియొకయలో పేతురు బల్ల దగ్గర నుంచి లేచి పక్కకు జరిగినప్పుడు పౌలు అందరి ముందే నిలదీశాడు. నేను నిలదీయలేదు. పొద్దున్నే అదే తప్పు చేసినవాడిని, నోరు రాలేదు. తర్వాత ఆ రెండు ఇళ్లకూ వెళ్లాను. ఒక ఇంట్లో మాట్లాడుకున్నాం. ఇంకో ఇంట్లో ఇంకా మాట్లాడుకోవాలి.

చీకటి పడ్డాక గ్లాసులు ఎవరివి వారికి సర్దేటప్పుడు చూశాను. స్టీలు సామాను మీద పేర్లు కొట్టిస్తాం కదా, పెళ్లికి పెట్టినవాళ్లవి, గృహప్రవేశానికి ఇచ్చినవాళ్లవి. ఆ సాయంత్రం ఒక్కరి చేతిలోనూ తమ ఇంటి పేరున్న గ్లాసు లేదు. తండా అవ్వ చేతిలో సంఘపెద్ద గారి మామగారి పేరు. కొత్తగూడెం ఆయన తాగింది కోయ పెద్దాయన కోడలి గ్లాసులో.

ఈ ఏడు పాలు పన్నెండు లీటర్లు చెప్పాను. నల్ల టీకి వేరే గిన్నె ఉంటుంది. ఇంటికి ఆరు గ్లాసులు తేవాలి, పేర్లు ఉన్నవే తేండి, లేకపోతే తిరిగి ఇచ్చేటప్పుడు కలిసిపోతాయి. తొట్టి దగ్గర ఇంకో ఇద్దరు కావాలి, రావాలనుకున్నవాళ్లు శనివారం లోపు మా ఆవిడకు చెప్పండి.