కడుపు కోయకుండా ఆగిన రక్తం

సీటీ తెర మీద ప్లీహం బూడిదరంగులో కనిపిస్తోంది. దాని నడుమ ఒక్కచోట తెల్లటి చుక్క. నరంలోకి డై ఎక్కించి తీసిన సీటీలో అలా మెరిసిందంటే అక్కడ ధమని గోడ చిరిగిందన్నమాట. విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రి కాథ్‌ల్యాబ్ పక్క గది అది. ప్లీహానికి దెబ్బ తగిలినవాళ్లకి కడుపు తెరవకుండా చేసే ఎంబొలైజేషన్ చూడాలని ముందే అనుమతి తీసుకుని వెళ్లాను.

చోడవరం వైపు నుంచి తెచ్చిన పాతికేళ్ల కుర్రాడు. బైకు పడ్డప్పుడు హ్యాండిల్ ఎడమ డొక్కలో పొడుచుకుంది. పైకి కమిలిన మచ్చ తప్ప ఏమీ లేదు. ఎడమ భుజం లాగేస్తోందని మాత్రం మొదటి నుంచీ అంటున్నాడట. కడుపులోకి కారిన రక్తం డయాఫ్రాన్ని రేపితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. డొక్కలో దెబ్బ తిన్నవాడు భుజం నొప్పంటే ఆ మాట ఎవరూ కొట్టిపారెయ్యకూడదు.

“బీపీ నిలబడింది కాబట్టే ఇక్కడికి తెచ్చాం. పడిపోతుంటే నేరుగా ఆపరేషన్ థియేటరే” అన్నారు రేడియాలజిస్టు. ప్లీహం గాయాలకు 1 నుంచి 5 వరకూ గ్రేడులున్నాయి. 2018 సవరణలో రక్తనాళాల గాయాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. ఆ చుక్క వల్లే ఇతని గాయం 4వ గ్రేడు.

సీసం ఏప్రన్ తొడుక్కుని లోపలికి వెళ్లాం. కుర్రాడు మెలకువగానే ఉన్నాడు. గజ్జల్లో మత్తు సూది వేసి, తొడ ధమనిలోకి రెండు మిల్లీమీటర్లైనా లావు లేని గొట్టం ఎక్కించారు. అది బృహద్ధమని మీదుగా పైకి పోయి ప్లీహ ధమనిలోకి తిరగాలి. ఆ ధమని మెలికలు తిరిగి ఉంటుంది. “ఊపిరి పట్టుకో నాన్నా” అన్నప్పుడల్లా తెర మీద నల్లటి కొమ్మలు విచ్చుకున్నాయి. ఒక కొమ్మ చివర చిన్న బుడగ. సీటీలో చూసిన చుక్క అదే.

ఈలోగా సిస్టర్ నాకొక కాయిల్ చూపించింది. ప్లాటినం తీగ, దాని పొడుగునా సన్నటి నారలు. గొట్టంలో ఉన్నంతసేపూ సాపుగా ఉండి, బయటికి తోయగానే చుట్టలు చుట్టుకుంటుంది. నారలకు పట్టిన రక్తం గడ్డకట్టి ఆ కొమ్మ మూసుకుపోతుంది. మళ్లీ డై ఎక్కించినప్పుడు బుడగ కనిపించలేదు. మిగతా ప్లీహానికి రక్తం పారుతూనే ఉంది.

గాయాలు చాలాచోట్ల ఉంటే మొదట్లోనే పెద్ద ధమనిని మూస్తారు. కాలువ తల దగ్గర షట్టరు దించితే గండి దగ్గర ఉరవడి తగ్గినట్టు, లోపల ఒత్తిడి తగ్గి రక్తం ఆగుతుంది. జీర్ణాశయం నుంచీ క్లోమం నుంచీ వచ్చే చిన్న నాళాలు ప్లీహాన్ని బతికిస్తాయి.

నూటయాభై గ్రాముల అవయవం కోసం ఇంత శ్రమ ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఒకప్పుడు ప్లీహం చిట్లితే తీసెయ్యడమే వైద్యం. పసితనంలో ప్లీహం తీసేసిన పిల్లల్లో ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు వస్తున్నాయని 1952లో కింగ్, షుమాకర్ రాశారు. పిల్లల్లో చిట్లిన ప్లీహం దానంతటదే మానగలదని టొరంటోలో సింప్సన్‌తో కలిసి 1968లో చూపించినవారు మన దేశపు పిల్లల సర్జన్ పురుషోత్తం ఉపాధ్యాయ. ప్రమాదంలో దెబ్బతిన్న ప్లీహానికి ఈ ధమని మార్గాన్ని 1981లో న్యూయార్క్ వైద్యుడు స్క్లఫానీ ప్రచురించారు. ప్లీహం పోయినవాళ్లకి న్యూమోకాకస్, మెనింజోకాకస్, హిబ్ టీకాలు వేయించాలి, జ్వరం వస్తే గంటల్లో ఆసుపత్రికి చేరాలి. మలేరియా కూడా వాళ్లకి ముదిరే ప్రమాదం ఎక్కువ. మన్యం పక్కనే ఉన్న ఈ ఊళ్లో ఆ సంగతి మరీ గుర్తుంచుకోవాలి.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ గొట్టం కాదు. చికిత్స జరిగినంతసేపూ అద్దం అవతల సర్జన్ నిలబడే ఉన్నారు, థియేటర్ సిద్ధంగా ఉంది, రక్తం సంచులు వచ్చి ఉన్నాయి. కాయిల్ పెట్టినా మళ్లీ రక్తం కారొచ్చు, ప్లీహంలో కొంత భాగం చచ్చుబడొచ్చు, చీము పట్టొచ్చు. అందుకే ఐసీయూలో నాడి, బీపీ చార్టు మీద రాస్తూనే ఉంటారు, హిమోగ్లోబిన్ మళ్లీ మళ్లీ చూస్తారు. రాత్రంతా మేలుకుని చూసేవాళ్లు లేని చోట ఈ వైద్యానికి దిగకూడదు. పరికరం కొన్నంత మాత్రాన సరిపోదనీ, సీటీ, సర్జన్, రక్తనిధి, కాథ్‌ల్యాబ్ ఒక్క కప్పు కింద రాత్రీ పగలూ పనిచెయ్యాలనీ ఆ గదిలో నాకు గట్టిగా అనిపించింది. జాతీయ రహదారి పొడుగునా అలాంటి చోట్లు ఎక్కడెక్కడున్నాయో 108 డ్రైవర్లకి నోటికి వచ్చి ఉండాలి.

బయట తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. “కడుపు కొయ్యలేదేటి బాబూ?” అని డాక్టరుని అడిగింది.

“లేదమ్మా. తొడ దగ్గర చిన్న చిల్లే.”

“మరి చెరుకు నరకడానికి ఎప్పుడెల్తాడు?”

“మూడు నెలలు బరువులొద్దు, బైకొద్దు. కడుపు నొప్పొచ్చినా, కళ్లు తిరిగినా, జ్వరమొచ్చినా ఇంట్లో మాత్రలెయ్యకుండా తీసుకొచ్చెయ్యాలి. ఏ వేళైనా సరే.”

ఆవిడ ఆ మూడూ మళ్లీ చెప్పించుకుని, పక్కనున్న చిన్నకొడుకు చేత ఫోనులో రాయించింది.