మొదటి యాభై టర్న్‌లు

రాత్రి పదకొండున్నర. ఇంట్లో అందరూ పడుకున్నారు. లాప్‌టాప్ తెర మీద క్రీస్తుపూర్వం 4000వ సంవత్సరం. చుట్టూ ఏముందో తెలీని మ్యాపు మధ్యలో నాకు రెండే రెండు బొమ్మలున్నాయి. ఒక సెట్లర్, ఒక వారియర్. సెట్లర్ ఎక్కడ దిగితే అదే నా రాజధాని. కాసేపు చూశాను. ఒక పక్క ఎడారి, కొండలు తక్కువ, నది ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది. మెనూలోకి వెళ్ళి రీస్టార్ట్ నొక్కాను. మళ్ళీ క్రీస్తుపూర్వం 4000. ఈసారి నది ఉంది కానీ పక్కనే ఇంకో రాజ్యం సరిహద్దు. మళ్ళీ రీస్టార్ట్.

ఆట పేరు సివిలైజేషన్. సిడ్ మైయర్ 1991లో మొదలుపెట్టిన ఈ వరుసలో నేనాడేది ఆరోది, 2016లో వచ్చింది. 740 గంటలు ఆడానని స్టీమ్ చెబుతోంది. అందులో చివరిదాకా ఆడిన ఆటలు తొమ్మిది. మిగతా గంటలన్నీ ఎక్కడికి పోయాయంటే, మొదటి యాభై టర్న్‌లలోకి. మామూలు వేగంలో ఆడితే తొలినాళ్ళలో ఒక్కో టర్న్ నలభై ఏళ్ళు. అంటే నేను మానవ చరిత్రలో మొదటి రెండు వేల ఏళ్ళనే కొన్ని వందలసార్లు బతికాను. ఇనుప యుగం దాటిన సందర్భాలు తక్కువ.

ఈ మొదటి యాభై టర్న్‌ల మీద నాకు కొంత పాండిత్యం ఉంది. ఆడేవాళ్ళకి పనికొస్తుంది కాబట్టి, నా గోల మొదలెట్టేముందు అది చెప్పేస్తాను.

మొదటి సూత్రం, వీలైతే మొదటి టర్న్‌లోనే దిగిపోవాలి. మంచి చోటు కోసం ఐదారు టర్న్‌లు తిరిగితే, ఆ ఐదారు టర్న్‌ల తిండీ ఉత్పత్తీ పరిశోధనా పోయినట్టే. తొలినాళ్ళ నష్టం చక్రవడ్డీలా పెరుగుతుంది. ఒకటి రెండు అడుగుల్లో నది దొరుకుతుందంటే మాత్రం జరగొచ్చు. మంచినీటి పక్కన పెట్టిన ఊరికి నివాస వసతి 5తో మొదలవుతుంది, సముద్రం పక్కనైతే 3, ఏ నీరూ లేకపోతే 2. జనాభా ఆ అంకెకి దగ్గరయ్యేకొద్దీ ఊరు ఎదగడం మందగిస్తుంది. నీటి పక్కనే ఒక మైదానపు గుట్ట ఉంటే ఇంకేం చూడక్కర్లేదు, దాని మీద దిగేయండి. మామూలు నేల కంటే ఒక ఉత్పత్తి ఎక్కువొస్తుంది. ఊరికి టర్న్‌కి ఐదారు వచ్చే రోజుల్లో ఆ ఒక్కటి చిన్నదేం కాదు.

రెండోది, మొదట స్కౌట్‌ని తయారుచెయ్యాలి. ముప్ఫై ఉత్పత్తిలో అయిపోతాడు. చుట్టుపక్కల ఏముందో తెలీకుండా వేసే ప్లాన్లన్నీ గాలిలో మేడలే. చిన్న నగర రాజ్యాలని అందరికంటే ముందు కలిస్తే ఒక రాయబారి ఉచితం. తర్వాత ఒక వడిసెలవాడు. వాడు ఎవరినైనా ఒక్కణ్ణి చంపితే విలువిద్య పరిశోధన 40 శాతం ముందుకు జరుగుతుంది. బార్బేరియన్ల స్కౌట్ మన ఊరిని చూసి, తల మీద ఆశ్చర్యార్థకంతో వెనక్కి పరిగెడుతుంటే పనులన్నీ ఆపి వాణ్ణి పట్టుకోవాలి. వాడు తన శిబిరం చేరాడంటే దండు కదిలిందన్నమాటే.

మూడోది, అసలైనది: వీలైనంత త్వరగా రెండో సెట్లర్, మూడో సెట్లర్. మొదటివాడికి 80 ఉత్పత్తి కావాలి, తర్వాత ఒక్కొక్కడికీ ఇంకో 30 పెరుగుతుంది. అందుకే ఆలస్యం పనికిరాదు. అతి కష్టమైన స్థాయిలో కంప్యూటర్ రాజులు మూడేసి సెట్లర్లతో ఆట మొదలుపెడతారు, మనకి ఒక్కడే. ఇక్కడ కొత్తవాళ్ళు చూసుకోని మెలిక ఒకటుంది. సెట్లర్ తయారు కావాలంటే ఊళ్ళో జనాభా కనీసం రెండుండాలి. వాడు బయల్దేరగానే ఊరి జనాభాలో ఒకటి తగ్గుతుంది.

740 గంటల్లో ఈ తగ్గే ఒకటి గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. అదొక ఖర్చు, అంతే.

సెట్లర్ అనే మాటకి హైదరాబాదులో ఇంకో అర్థం ఉందని మీకు తెలుసు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళని అలా అంటారు. ఎన్నికలప్పుడు పేపర్లలో సెట్లర్ల ఓట్లు ఎటు అని రాస్తారు. ఉద్యమం రోజుల్లో నేనిక్కడ కొత్తగా చేరిన ఇంజినీరుని. ఆఫీసు క్యాంటీన్లో ఎవరో నవ్వుతూనే, నువ్వు సెట్లరే కదా అన్నారు. కాదు, మాది రాయచూరు జిల్లా అన్నాను. అబద్ధం కాదు. కానీ నిజమూ కాదు. మాది సింధనూరు దగ్గర ఒక క్యాంపు. తుంగభద్ర డ్యామ్ 1953లో పూర్తయ్యాక ఎడమ కాలువ కింద భూములు కొనుక్కుని గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు అక్కడికి వెళ్ళారు. వాళ్ళు దిగిన చోట్లనే క్యాంపులంటారు. పుట్టింది కర్ణాటకలో, ఇంట్లో మాట తెనాలి వైపుది, బళ్ళో కన్నడ. అక్కడివాళ్ళకి మేము ఆంధ్రావాళ్ళం. హైదరాబాదులో నేను సెట్లర్‌ని. రెండు చోట్లా ఒకటే పదవి.

రెండేళ్ళ క్రితం నాన్న ఫోన్ చేసి పొలం సంగతి ఏం చేద్దామని అడిగాడు. మాకు ఆరెకరాలు మిగిలాయి. అన్నీ కాలువ చివర. ఎగువవాళ్ళు తోడుకున్నాక మిగిలిందే మాకు. రెండో పంటకి నీళ్ళొచ్చిన సంవత్సరం పండగే. నాన్నకి మోకాళ్ళు పనిచెయ్యట్లేదు, కౌలుకి అడిగేవాళ్ళూ తగ్గారు. ఒకాయన కొంటానన్నాడు. "ఏరా, నువ్వేమంటావు?" అన్నాడు. చూద్దాం నాన్నా అన్నాను.

మూడు నెలలు చూశాను. ఎక్సెల్ షీటు వేశాను. అమ్మితే ఎంత, డిపాజిట్ చేస్తే ఎంత, పదేళ్ళు ఆగితే ఎంత. ఏ గడిలో ఏ అంకె మార్చినా జవాబు మారిపోయేది. నాన్న వారానికోసారి అడిగేవాడు, నేను చూద్దాం అనేవాణ్ణి. పెట్టేశాక లాప్‌టాప్ తెరిచి ఇంకో మ్యాపు మొదలుపెట్టేవాణ్ణి. అప్పట్లో ఆ రెంటికీ సంబంధముందని నాకు తట్టలేదు.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఒక రాత్రి వరండాలో కూర్చుని ఆడుతుంటే నాన్న వచ్చి పక్క కుర్చీలో కూలబడ్డాడు. "ఏందిరా అది?" అన్నాడు. చెప్పాను. ఈ బొమ్మ సెట్లర్, ఎక్కడన్నా దిగి ఊరు కడతాడు, మంచి చోటు చూసి దింపాలి. నాన్న కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు.

"ఆ కాలవ పక్కన దించు."

"అది నది నాన్నా."

"ఏదో ఒకటి. పైన దించు. కిందికొద్దు, నీళ్ళు రావు."

ఆటలో నదికి ఎగువా దిగువా తేడా లేదు, ఎక్కడైనా ఐదే. ఆ మాట చెప్తే నవ్వాడు. "ఇది చేసినోడు వ్యవసాయం చెయ్యలేదు" అన్నాడు. తర్వాత రెండో సెట్లర్ బయల్దేరాడు, రాజధాని జనాభా మూడు నుంచి రెండుకి దిగింది. అదెందుకు తగ్గిందని అడిగాడు. ఊళ్ళోంచి ఒకళ్ళు వెళ్ళిపోయారు కదా అన్నాను. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మేం ఐదుగురం వచ్చాం" అన్నాడు తర్వాత.

1958. నాన్నకి ఆరేళ్ళు. తెనాలి పక్కన రెండెకరాలు అమ్మితే ఇక్కడ పన్నెండెకరాలు వచ్చాయి. హోస్పేట దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు, ఆపైన ఎడ్లబండి. నల్లరేగడి నేల, ముళ్ళ తుప్పలు. చదును చేసి గట్లు వేసి మడులు కట్టేసరికి ఏడాది పట్టింది. పాకలో ఉన్నారు. ఈ కథ నాకు తెలుసు, ప్రతి పెళ్ళిలో ఎవరో ఒకరు చెప్పేదే, తాతయ్య కష్టజీవి అనే దగ్గర ముగుస్తుంది. ఐదుగురు అన్నది మాత్రం ఎప్పుడూ వినలేదు. తాతయ్య, నాయనమ్మ, పెదనాన్న, నాన్న. నలుగురే కదా?

"చెల్లెలు ఉండేది. మొదటి వానల్లో చలిజ్వరం వచ్చింది. అందరికీ వచ్చింది. మేం లేచాం."

పేరడిగాను. "పాపాయి అనేవాళ్ళం. అసలు పేరు అమ్మకే తెలుసు" అన్నాడు. నాయనమ్మ పోయి పద్దెనిమిదేళ్ళయింది.

నాన్న ఇంకోటి కూడా చెప్పాడు. పొలం మాకమ్మినాయన అందులో జొన్న వేసుకునేవాడట. కాలువ వచ్చింది కానీ, నేలని మడులు చెయ్యడానికి పెట్టుబడి ఆయన దగ్గర లేదు. అమ్మేశాడు. తర్వాత చాలా ఏళ్ళు ఆయన కొడుకు మా నాట్లకి కూలికి వచ్చేవాడు. "మీ తాత మోసం చెయ్యలేదు. అడిగిన రేటే ఇచ్చాడు" అన్నాడు నాన్న. నేనేమీ అడక్కుండానే అన్నాడు.

ఆటలో దారి పక్కన చిన్న గిరిజన పల్లెలు ఉంటాయి. మన స్కౌట్ అందులో అడుగు పెడితే కొంత బంగారమో, ఒక విద్యో మనకిచ్చి ఆ పల్లె మాయమైపోతుంది. తర్వాత అక్కడ ఖాళీ నేల. 2018లో ఈ ఆటకి వచ్చిన విస్తరణలో కెనడా క్రీ జాతి నాయకుడు పౌండ్‌మేకర్‌ని చేర్చినప్పుడు ఆ జాతి ప్రతినిధి ఒకరు అభ్యంతరం చెప్పారు. ఇతరుల నేలను గెలుచుకోవడమే లక్ష్యమనే వలసవాద ఆలోచనలో తమ నాయకుణ్ణి ఇరికించారని ఆయన బాధ. అప్పుడు చదివి, ఆటే కదా ఇంత సీరియస్ ఎందుకు అనుకున్నాను. ఈ తరహా ఆటల్ని 4ఎక్స్ అంటారు: వెతకడం, విస్తరించడం, వాడుకోవడం, నిర్మూలించడం అనే అర్థమున్న నాలుగు ఇంగ్లీషు మాటల్లోంచి 1993లో ఒక విమర్శకుడు పెట్టిన పేరు. మొదటి యాభై టర్న్‌లలో మొదటి రెండే ఉంటాయి కాబట్టి చేతులు శుభ్రంగా ఉన్నట్టనిపిస్తుంది. నేను అక్కడే ఎందుకు తిరుగుతుంటానో దానికి ఇదీ ఒక కారణమేమో. పాపాయీ, ఆ జొన్న రైతూ కూడా మా మొదటి యాభై టర్న్‌లలోనే ఉన్నారు.

తెల్లారి నాన్నతో పొలం గట్టు మీద కూర్చున్నాం. అమ్మొద్దని నా నోటిదాకా వచ్చింది. పాపాయి సంగతి విన్నాక అమ్మమని ఎలా అంటాను? నాన్నే ముందన్నాడు. "అమ్మొద్దంటే నువ్వొచ్చి చేస్తావా?"

రాను నాన్నా, అన్నాను. పదిహేనేళ్ళుగా ఇద్దరికీ తెలిసిన సంగతే. పైకి అనడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ఎక్సెల్ షీటులో నేను రాయని గడి అదొక్కటే. నాన్న తలూపాడు. కోపం లేదు, తేలికపడ్డట్టే ఉన్నాడు. "నీ దగ్గర్నుంచి ఆ మాట రావాలనే అడుగుతున్నా. రేటు నాకు తెలీదా?"

నాలుగెకరాలు అమ్మేశాం. ఇల్లూ, దాని వెనక రెండెకరాలూ ఉంచుకున్నాం. అది సరైన నిర్ణయమో కాదో నాకిప్పటికీ తెలీదు. ఈ మ్యాపుకి రీస్టార్ట్ లేదు.

హైదరాబాదు వచ్చాక కొత్త ఆట మొదలుపెట్టాను. దిక్కుమాలిన మ్యాపు. నది లేదు, సముద్రమూ లేదు, వసతి 2. చెయ్యి అలవాటుగా మెనూ మీదికి పోయింది. ఆగి, నిలబడ్డ చోటే దిగాను. నెలన్నర పాటు రాత్రిపూట కొంచెం కొంచెంగా ఆడాను. మూడు వందల టర్న్‌లు దాటాక ఎవరో రాకెట్టు పంపి గెలిచేశారు, నేను నాలుగోవాణ్ణి. చివరిదాకా ఆడిన ఆటల్లో అది పదోది. ఈసారి సెట్లర్‌ని పంపిన ప్రతిసారీ, వెనక ఊళ్ళో తగ్గిన అంకె వైపు చూశాను.