అడవినాభి

పిల్లలూ! మా శ్రీకాకుళం, విజయనగరంవైపు తూర్పు కనుమల్లో వానలు పట్టాక, పొదలకు నిప్పంటుకున్నదా అన్నట్టు ఒక పువ్వు పూస్తుంది. అదే అడవినాభి. అగ్నిశిఖ అని కూడా అంటారు. మందులకోసం దుంపలు తవ్వుకుపోవడంవల్ల ఇప్పుడది అరుదైపోతున్నది.

బడిపిల్లలను కొండకు తీసుకుపోయినప్పుడల్లా, "ముందు ఆకు చూడండి, తరువాత పువ్వు" అనేవాణ్ణి. ఈ మొక్క ఆకు కొస నులితీగలా చుట్టుకొని పక్క కొమ్మను పట్టుకొంటుంది. ఆ పట్టుతోనే మొక్క పైకి పాకుతుంది. పువ్వుకు ఆరు రేకులు. అంచులు అలలలాగా ఉంటాయి. రేకులన్నీ వెనక్కు మడుచుకొని పైకి లేస్తాయి. మొదట ఆకుపచ్చగా ఉండి, పసుపు కలిసి, చివరకు ఎర్రబడతాయి. దుంప నాగలిలా వంగి ఉంటుంది. అందుకే సంస్కృతంలో దీన్ని లాంగలి అన్నారు.

మొక్కంతా విషమే. తినే దుంప అనుకొని తిని ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు.

"అయితే పీకేద్దామా, మాస్టారూ?" అని ఒక అమ్మాయి అడిగింది.

"వద్దమ్మా! ఇందులోని కొల్చిసిన్ అనే విషాన్నే వైద్యులు రవ్వంత మోతాదులో ఒక రకం కీళ్లవాపుకు మందుగా ఇస్తారు" అన్నాను.

మీకు కనిపిస్తే కంటితో చూడండి. కోయకండి, తవ్వకండి. దుంప ఉంటేనే మళ్లీ వానలకు మొలక వస్తుంది.