చీలమండకు వేరే ముద్ర

న్యూయార్క్‌ నగరం హార్లెమ్‌లో, మార్కస్ గార్వీ పార్కుకు ఎదురుగా ఉన్న పాదవైద్య కళాశాల 1911లో మొదలైంది. నేను వెళ్లింది అక్కడికే. నాలుగేళ్లు చదివితే డీపీఎం పట్టా, ఆపైన ఆసుపత్రిలో మూడేళ్ల రెసిడెన్సీ, రాష్ట్రం ఇచ్చే లైసెన్సు. దాంతో కత్తి పట్టే హక్కు వచ్చేస్తుంది. మరి ఆపైన బోర్డు సర్టిఫికేషన్ ఎందుకు? బోర్డు అనగానే మన చెవికి ఇంటర్ బోర్డులా సర్కారు సంస్థ అనిపిస్తుంది. అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఫుట్ అండ్ యాంకిల్ సర్జరీ అలాంటిది కాదు. 1975లో ఏర్పడి, 2014 దాకా పోడియాట్రిక్ సర్జరీ బోర్డు పేరుతో నడిచిన ప్రైవేటు సంస్థ. దాని ముద్ర లేకుండా వైద్యం చేయడం నేరమేమీ కాదు.

అయితే అది ఉత్తుత్తి కాగితమేనా? నేనలా అనుకోను. రాతపరీక్ష గట్టెక్కితే దక్కేది సగం హోదా మాత్రమే. అసలు ముద్రకు ఏడేళ్ల గడువు. ఆలోగా సర్జన్ తాను చేసిన ఆపరేషన్ల చిట్టా అప్పగించాలి. అందులో ఏవి పరిశీలించాలో బోర్డే ఎంచుకుంటుంది. ముందటి ఎక్స్‌రే, తరువాతి ఎక్స్‌రే, ఆపరేషన్ నోట్సు, రోగి మళ్లీ వచ్చినప్పటి రాతలు అన్నీ చూస్తుంది. లైసెన్సు చదువును నమ్ముతుంది. ఈ ముద్ర చేసిన పనిని అడుగుతుంది. ముద్ర లేని మంచి సర్జన్లు లేరా అంటే ఉన్నారు. ఆర్థోపెడిక్ సర్జన్లకైతే 1934 నాటి వేరే బోర్డే ఉంది. పాదం, చీలమండల పనిని వారు ఫెలోషిప్‌లో నేర్చుకుంటారు. కాబట్టి ఈ ముద్ర లేనంత మాత్రాన ఎవరినీ తక్కువ చేయలేం. కానీ మత్తుమందు తీసుకుని పడుకోబోయే రోగికి సర్జన్ చేతిపనిని తూచే సాధనం ఇంకేముంది?

పాదంలో ఎముకలు 26. వాటన్నిటికీ ఒకే సర్టిఫికెట్టు సరిపోదన్నది చాలామందికి తెలియని సంగతి. ఫుట్ అండ్ యాంకిల్ బోర్డు పాదం సర్జరీకి ఒకటి, మడమ వైపు భాగానికీ చీలమండకూ చేసే పునర్నిర్మాణ సర్జరీకి మరొకటి ఇస్తుంది. మొదటిది ఉన్నవారందరికీ రెండోది ఉండదు. బొటనవేలి దగ్గర వంకర సరిచేయడం వేరు, ఒంటి బరువంతా మోసే కీలును కూర్చడం వేరు. అమెరికాలో పిల్లల దగ్గరున్న మన పెద్దల్లో షుగరుతో కాళ్లు దెబ్బతిన్నవారు ఉంటారు. వారిని ఆపరేషన్‌కు పంపేముందు "బోర్డు సర్టిఫికేషన్ ఉందా" అని అడిగి ఊరుకోకండి. ఏ బోర్డు, ఏ భాగానికి అని కూడా అడగండి.