డాక్టర్ సాబ్‌కు నక్కో బోల్

మా ఇంట్లో ఒకే జబ్బుకు నాలుగు పేర్లు. నానీమా "షకర్ కీ బీమారీ" అనేది. యునానీ హకీం తన చీటీ మీద "జియాబితీస్" అని రాసేవాడు. ఆస్పత్రిలో అది "షుగర్". నేను పనిచేసే తెలుగు పేపర్లో "మధుమేహం". పేరు ఏదైనా ఒంట్లో జరిగేది ఒకటే. తిన్నది గ్లూకోజుగా మారి నెత్తురులోకి వస్తుంది. దాన్ని వాడుకోవడానికి కావలసిన ఇన్సులిన్ ఒంట్లో చాలదు, లేదా ఉన్నా సరిగ్గా పనిచేయదు. 2023లో వెలువడ్డ ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా ఈ జబ్బుతో బతుకుతున్నారు. అందులో అన్ని మతాల వాళ్లూ ఉన్నారు.

జబ్బుకు మతం లేదంటారు. ఒప్పుకుంటాను. కానీ జబ్బు చూపించుకోవడానికి వెళ్లే మనిషికి ఒక పేరుంది, ఒక భాష ఉంది, ఒక దస్తర్‌ఖాన్ ఉంది, ఏడాదికొక రంజాను ఉంది. ఇవేవీ మందుల చీటీలోకి ఎక్కవు. ఎక్కకపోతే ఏమవుతుందో మా ఇంట్లో చూసినవాణ్ణి. నేను డాక్టర్ని కాను, బి.ఏ. చదివి రెండు భాషల్లో వార్తలు రాసుకునేవాణ్ణి. తెలిసింది చెబుతాను.

నానీమా కాలంలో, అంటే తొంభైల మొదట్లో, మా నల్లగొండ దిక్కు ఊళ్లలో ఇంట్లో చక్కెర చూసుకునే మిషన్లు లేవు. గాజు గొట్టంలో నీలంరంగు బెనెడిక్ట్ ద్రావణం పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి స్పిరిట్ దీపం మీద కాచేవాళ్లు. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ దాటి ఇటుక ఎరుపుకొస్తే ఇల్లంతా గుబులు. ఆ పరీక్షకు ఒక లోపముంది. నెత్తురులో చక్కెర సుమారు 180 దాటితేనే అది మూత్రంలోకి దిగుతుంది. ఎక్కువైతే ఆలస్యంగా చెబుతుంది. తక్కువైతే అసలు చెప్పదు. షుగర్ మనిషిని నిమిషాల్లో పడేసేది ఆ తక్కువే.

అప్పటి సూదిమందుకూ ఒక కథ ఉంది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్‌లు ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1922 జనవరిలో 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఎక్కించారు. ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్లు లోకమంతా వాడింది పశువుల క్లోమం నుంచి, పందుల క్లోమం నుంచి తీసిన ఇన్సులినే. నానీమాకు రాసిన సీసా మీది ఇంగ్లీషు అక్షరాలు మామూ చదివి, ఇది పందిదని మెల్లగా చెప్పాడు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. మౌల్వీ సాబ్‌ను అడిగితే, ప్రాణం నిలవడానికి వేరే దారి లేనప్పుడు మందు మందేనన్నాడు. నానీమా బిస్మిల్లా అనుకుని చెయ్యి చాపింది. మా గల్లీ చివర ఉండే పంతులమ్మ వేయించుకునేది పశువుల ఇన్సులిన్. ఇద్దరికీ సూది వేసింది ఒకే కాంపౌండరు. పంది, ఆవు పేరు చెప్పి ఊళ్లకు ఊళ్లు తగలబెట్టుకునే దేశంలో ఆ ఇద్దరు ముసలమ్మల ఒళ్లు ఏ గొడవా పడకుండా వాటితోనే బతికాయి.

1982లో బాక్టీరియాతో తయారుచేసిన మానవ ఇన్సులిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. ఇవాళ మనకు దొరికే ఇన్సులిన్లు బాక్టీరియా, ఈస్ట్ తయారుచేసేవి. అట్లా ఆ ప్రశ్నను సైన్సే తీర్చేసింది. రంజాను ప్రశ్న మాత్రం మిగిలింది.

2001లో మన దేశంతో సహా 13 దేశాల్లో 12 వేల మందికి పైగా ముస్లిం షుగర్ రోగుల మీద ఒక అధ్యయనం చేశారు. దాని పేరు ఎపిడయార్, ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. టైప్ 2 వాళ్లలో 79 శాతం, టైప్ 1 వాళ్లలో 43 శాతం కనీసం 15 రోజులు రోజా ఉన్నారని తేలింది. ఆస్పత్రికి చేర్చాల్సినంతగా చక్కెర పడిపోవడం మామూలు నెలలతో పోలిస్తే టైప్ 2లో ఏడున్నర రెట్లు పెరిగింది. అంటే "రోజా ఉండొద్దు" అన్న ఒక్క మాటతో ఎవరూ మానడం లేదు. మానకపోగా, ఉన్న సంగతి డాక్టరుకు చెప్పడం మానేస్తున్నారు.

మా అమ్మీ సంగతే చెబుతాను. పొద్దున వేసుకునే గ్లిమెపిరైడ్ మాత్ర సహర్‌లో వేసుకునేది. ఈ జాతి మాత్రలు క్లోమాన్ని పిండి ఇన్సులిన్ కార్పిస్తాయి. మనిషి తిన్నదా పస్తున్నదా అని చూడవు. మధ్యాహ్నానికి కాలేయంలో దాచుకున్న గ్లూకోజు తరుగుతుంది, మాత్ర తన పని తాను చేసుకుంటూ పోతుంది. అసర్ వేళకు అమ్మీకి చెమటలు, చేతుల్లో వణుకు, మాట తడబాటు. ఇఫ్తార్‌లో ఖజూర్, షర్బత్, బజ్జీలు, హలీం ఒకదాని మీద ఒకటి పడ్డాక చక్కెర ఒక్కసారిగా పైకి. నెల తర్వాత ఆస్పత్రికి తీసుకుపోతే గేటు దగ్గరే నా చెయ్యి పట్టుకుని, "డాక్టర్ సాబ్‌కు నక్కో బోల్ బేటా" అన్నది. రోజాల సంగతి చెప్పొద్దని.

ఎందుకు చెప్పొద్దన్నదో లోపలికి పోయాక అర్థమైంది. డాక్టరు రిపోర్టు చూసి, "రంజాన్ చేసినారా? మీవాళ్లు చెప్తే వినరు కదా" అన్నాడు. కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. మా ముందు కూర్చున్న ఆమె కార్తీక సోమవారాలు ఉపవాసముంటానన్నప్పుడు మాత్రం, "మంచిదమ్మా, ఆ రోజు మాత్ర రాత్రికి మార్చుకో" అని రాసిచ్చాడు. ఉపవాసానికి తగ్గట్టు మందు మార్చడం ఆయనకు తెలుసు. తెలిసిన ఆ విద్య మా అమ్మీ దాకా రాలేదు. మధ్యలో "మీవాళ్లు" అన్న మాట అడ్డం పడింది.

ఇట్లాంటి చోట వైద్యం ఇప్పుడు చాలా ముందుకొచ్చింది. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య, డార్ అనే వైద్యుల కూటమి కలిసి 2016లో రంజాను మార్గదర్శకాలు ప్రచురించాయి, 2021లో సవరించాయి. షుగర్ ఏ రకం, ఎన్నేళ్లది, ఏ మందులు, కిడ్నీలు, గుండె ఎట్లున్నాయి, చక్కెర ఎన్నిసార్లు పడిపోయింది, ఇవన్నీ చూసి మార్కులు వేస్తారు. 3 వరకు ముప్పు తక్కువ. 3.5 నుంచి 6 దాకా మధ్యరకం. 6 దాటితే రోజా ఉండొద్దనే సలహా. రంజానుకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలవాలి. రోజాలో ఉండగా చక్కెర 70 కన్నా తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విడిచేయాలి. వేలు గుచ్చి పరీక్ష చేసుకుంటే రోజా పోదు. ఈ చివరి మాట తెలియక ఎంతమంది మిషను బీరువాలో పెట్టి నెలంతా చీకట్లో గడుపుతున్నారో.

పోయిన రంజానుకు వేరే డాక్టరమ్మను ముందే కలిశాం. ఆమె మొదటి ప్రశ్నే, "అమ్మా, రోజాలు ఉంటారా?" అమ్మీ నా మొహం చూసి, "జీ" అన్నది. అంతే, తాళం తీసినట్టయింది. అన్నీ తనే చెప్పుకుంది. మార్కులు లెక్కేసి, గ్లిమెపిరైడ్ మోతాదు తగ్గించి ఇఫ్తార్‌కు మార్చింది డాక్టరమ్మ. చేతి వెనక, భుజానికి కింద సెన్సర్ అంటించింది.

అయిదు రూపాయల బిళ్ల కన్నా కొంచెం పెద్దది ఆ సెన్సర్. దానికున్న సన్నని తీగ చర్మం కిందికి దిగుతుంది. తీగ మీది ఎంజైము గ్లూకోజుతో కలిసినప్పుడు పుట్టే చిన్న విద్యుత్తును కొలిచి ఫోనుకు పంపుతుంది. 14 రోజులు పనిచేస్తుంది. అది చూసేది నెత్తురును కాదు, కణాల మధ్య ద్రవాన్ని. అందుకని కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. ఒంటికి తోచేదీ ఫోను చెప్పేదీ పొసగకపోతే వేలు గుచ్చి చూసుకోవాలి. అయినా దాని పక్కనుండే బాణం గుర్తు విలువైనది. 100 ఉన్నప్పుడు బాణం కిందికి చూస్తుంటే ముందే జాగ్రత్తపడొచ్చు.

ఇఫ్తార్ తర్వాత గీత 280కి ఎగబాకడం అమ్మీ కళ్లారా చూసింది. షర్బత్ తనే మానేసింది. ఒక ఖజూర్, నీళ్లు, నమాజు తర్వాత చిన్న గిన్నెలో హలీం. గీత మెత్తబడింది. పదకొండో రోజా నాడు అది 66కు దిగింది. మగ్రిబ్‌కు ఇంకా గంటన్నర ఉంది. అమ్మీ ఖజూర్ నోట్లో వేసుకుంది. పక్కింటి ఖాలా "రోజా నై క్యా?" అని దీర్ఘం తీసింది. రోగికి అల్లా ఇచ్చిన సడలింపును పక్కింటివాళ్లు ఇవ్వరు. మసీదు నుంచి గల్లీ దాకా ఈ ఆరా మనలో మనం మానుకోవాలి. జబ్బున్నవాళ్లు తర్వాత రోజుల్లో ఉండొచ్చు, అసలు ఉండలేనివాళ్లు పేదలకు అన్నం పెట్టొచ్చు. ఇది ఖురాన్‌లో ఉన్న సంగతే.

అయితే ఈ సెన్సర్లు ఎంతమందికి అందుతాయి? ఒక్కోటి వేల రూపాయలు, నెలకు రెండు కావాలి. ఆటో నడిపేవాడికి, బీడీలు చుట్టే ఆమెకు అది కుదరని పని. మందుల్లో మాత్రం కొంత మేలు జరిగింది. చక్కెరను పడేసే ముప్పు తక్కువున్న సిటాగ్లిప్టిన్‌కు 2022లో, చక్కెరను మూత్రంలో పంపేసే ఎంపాగ్లిఫ్లోజిన్‌కు 2025 మార్చిలో మన దేశంలో పేటెంటు తీరి ధరలు దిగాయి. ఈ రెండోది ఒంట్లో నీళ్లు తగ్గిస్తుంది కనుక రంజాను ముందర కొత్తగా మొదలుపెట్టొద్దంటారు. సెన్సర్ లేనివాళ్లు స్ట్రిప్పులతోనైనా మధ్యాహ్నం, ఇఫ్తార్‌కు ముందు, తిన్న రెండు గంటలకు చూసుకోవాలి.

భాష సంగతి కూడా ఉంది. తెలంగాణలో 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు. అమ్మీ ఫోనులో సెన్సర్ మాటలన్నీ ఇంగ్లీషే. 70, 300 అని ఉర్దూలో కాగితం రాసి ఫ్రిజ్ మీద అతికించింది నేను. గుంటూరు, కర్నూలు దిక్కు దూదేకుల ఇళ్లలో ఆ కాగితం తెలుగులో ఉండాలి. ముస్లిం అనగానే ఉర్దూ అనుకోవడం కూడా మమ్మల్ని తెలుసుకోకపోవడమే.

మేం అడిగేది ప్రత్యేక వైద్యం కాదు. షాబాన్ నెల రాగానే డాక్టరు "రోజా ఉంటారా?" అని అడగాలి, "మీవాళ్లు" అనకుండా అడగాలి. అడిగితే మా అమ్మీలు నిజం చెబుతారు. నిజం తెలిస్తే ఏ మాత్ర ఎప్పుడు వేయాలో డాక్టర్లకు తెలుసు.