మేము చేసిన చాకు పరీక్ష

దమ్మాయిగూడయందలి మా యింట కూరగాయలు తఱుగు అధికారము బహుకాలముగా మా నాయనమ్మదే. ఆమె నేలపై కత్తిపీట వాల్చి, కాలితో అదిమిపట్టి, మాటలాడుచునే ఉల్లిపాయలను కాగితమంత పలుచగా కోయుచుండెడిది. నిరుడు వానకాలమున ఆమె వ్రేళ్ళకీళ్ళు వాచి, మోకాళ్ళు వంగక, నేల కూర్చుండుట యసాధ్యమయ్యెను. ఒకనాటి యుదయమున మా అమ్మ కూరల బుట్టను మెల్లగా తనవైపు జరుపుకొనెను. ఎవరును ఏమియు ననలేదు. కాని నాయనమ్మ ఆ పూట భోజనము సగములోనే విడిచి లేచెను.

కుర్చీలో కూర్చుండి వాడదగిన చిన్న చాకు నొకదానిని ఆమెకు సంపాదింపవలెనని మేము నిశ్చయించుకొంటిమి.

మొదట కుషాయిగూడ బజారునకు పోయి, తళతళలాడు చాకు నొకటి కొంటిమి. అంగడివాడు కాగితమును గాలిలో పట్టి సఱ్ఱున కోసి చూపగా మురిసిపోతిమి. క్రొత్తలో ఏ చాకైనను కాగితమును కోయును. ఆ సంగతి మాకు తరువాతగాని తెలియలేదు. ఇల్లు చేరి, జనపనార త్రాటిని చెక్కపై నుంచి వరుసగా 30 కోతలు కోసి, మరల కాగితముపై పెట్టి చూచితిమి. కాగితము తెగక చినిగెను. టొమాటోపై నుంచగా తోలు లోనికి నొక్కుకొనెనేగాని తెగలేదు. మేము పట్టుదలతో బలముగా నొక్కితిమి. చాకు జాఱి మా యెడమచేతి చూపుడువ్రేలిలో దిగెను. మొద్దుబారిన కత్తికి బలమెక్కువ పెట్టవలసివచ్చును. బలమెక్కువైనప్పుడు అది మన వశమున నుండదు. ఈ పాఠమునకు మేము చెల్లించిన రుసుము కొంచెము నెత్తురు.

నాయనమ్మ పసుపు అద్దుచు, “నీకే వశము కానిది నాకెట్లగును బిడ్డా?” అనెను.

తుప్పుపట్టని ఉక్కునంతయు నిందించుట మా యుద్దేశము కాదు. 1913లో షెఫీల్డు నగరమున హ్యారీ బ్రేర్లీ క్రోమియము కలిపి అట్టి ఉక్కును పోతపోసిన పిదప, అది లోకమునకు చేసిన మేలు చాల గలదు. మేము కొన్నది చవుకసరకు, అంతే.

రెండవ చాకు కొఱకు ఒక కమ్మరికొలిమికి పోయితిమి. ఆ వృద్ధుడు లారీ కమానుపట్టీ ముక్క నొకదానిని ఎఱ్ఱగా కాల్చి, సాగగొట్టి, అలుగు తీర్చెను. పిమ్మట మరల కాల్చి నూనెలో ముంచెను. ఇక పని ముగిసినదని మేము తలంచితిమి. అతడు నవ్వి, అట్లే విడిచినచో గాజువలె పెళుసై విఱుగునని చెప్పి, మెఱుగుపెట్టిన అలుగును సన్నసెగపై నుంచి ఎండుగడ్డి రంగు వచ్చువఱకు కాచెను. గట్టిదనమును కొంత వదలుకొని సాగుదనమును కొనితెచ్చుకొనుటయే ఆ రంగులోని రహస్యము.

ఈ విద్య మన నేలకు క్రొత్త కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున కమ్మరులు మూసలలో కరిగించి చేసిన ఉక్కు పారసీక దేశమువఱకు పోయినది. అందు కర్బనము నూటికి ఇంచుమించు ఒకటిన్నర పాలు ఉండెడిది. డమాస్కసు కత్తులకు తగిన ఉక్కు గోలకొండ రాజ్యమునుండి వచ్చునని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దముననే వ్రాసెను. మా కమానుపట్టీకి అంత వంశగౌరవము లేదు గాని, 60 కోతల పిదపను అది కాగితమును చక్కగా కోసెను! మేము గర్వముతో దానిని నాయనమ్మ చేతికిచ్చితిమి.

ఆమె పట్టుకొనలేకపోయెను.

పిడి సన్ననిది, గుండ్రనిది, నున్ననిది. ఆమె వ్రేళ్ళు దానిచుట్టు మూసికొనలేదు. చాకు చేతిలో తిరిగిపోయెను. ఇన్ని పరీక్షలు చేసిన మేము వానినన్నిటిని మా చేతితోనే చేసియుంటిమి. ఏ చేతికొఱకు చాకు కావలెనో ఆ చేతిని అడుగుటయే మఱచితిమి. ఆ క్షణమున ఆమె చాకును బల్లపై పెట్టిన తీరు, బుట్ట జరిగిన నాటి మౌనమునే జ్ఞప్తికి దెచ్చెను.

పాత సైకిలు ట్యూబును పట్టీలుగా కోసి పిడికి చుట్టితిమి. అరచేతికి నూనె రాచుకొని, నీటిలో ముంచుకొని, పట్టు జాఱునేమో చూచితిమి. జాఱలేదు. మరునాడు నాయనమ్మ త్రాటిని గాని కాగితమును గాని అడుగలేదు. ఒక బీరకాయను తీసికొని ఈనెలు చెక్కెను. పిమ్మట బెండకాయలు. కోత మునుపటివలె సమముగా లేదు, తొందరయు లేదు. నిమ్మకాయ కోయగా అలుగు నల్లబడెను. పులుసు తగిలిన ఇట్టి ఉక్కునకు అది సహజమే యని మేము వివరింపబోగా, ఆమె వినక, కొంగుతో తుడిచి ఆరబెట్టెను.

అమ్మ బుట్టను బల్లపైకి చేర్చెను. నాయనమ్మ చాకును మాకు చూపి, పిడికి ఇంకొక చుట్టు చుట్టుమనెను.