కోటతలుపు గడియ

కీసరగుట్టపై శ్రీ రామలింగేశ్వరస్వామిని సేవించి దిగివచ్చునపుడు అచ్చటి ప్రాఁత యిటుకల పునాదులను చూచుట మాకు వాడుక. అవి విష్ణుకుండినుల నాఁటి కట్టడములు. కోటగోడ గుర్తులును అచ్చట కలవు. గడచిన కార్తికమున ఆ చెంతఁ గూర్చుండి ఫలాహారము చేయుచుండఁగా మా యత్తగారు "ఇంత గోడ కట్టుకొన్న కోటయు ఏల పడును?" అని యడిగిరి. ఆ దినములలో మాకును మా తోడికోడలికిని మాటలు లేవు. కారణము చెప్పఁదగినంత పెద్దది కాదు. అత్తగారి ప్రశ్న గోడను గూర్చియో, ఇంటిని గూర్చియో మాకు తెలియలేదు. పడిన కథ చక్కగాఁ దెలిసిన కోట చేరువనే యున్నది గదా యని మఱుసటి వారము ఆమెను గోలకొండకుఁ దోడ్కొని పోయితిమి.

గోలకొండ మొదట కాకతీయుల రాజ్యమునకుఁ బడమటి కాపుగా నుండిన మట్టికోట. 1363లో అది బహమనీ సుల్తానుల వశమైనది. పిమ్మట కుతుబ్ షాహీలు దానిని రాతికోటగాఁ గట్టిరి. వెలిగోడకు 87 బురుజులు. ఏనుఁగులు తాఁకకుండ తలుపులకు ఇనుపమేకులు. క్రింది వాకిట చప్పట్లు చఱచిన బాలాహిస్సారుపై వినఁబడును. కొండ నెక్కుచు 1642 నాఁటి ధాన్యపుకొట్టు, అంబరుఖానా, యొద్ద నిలిచితిమి. "గాదె నిండుగా నున్నచో ఇల్లు నిలుచును" అని అత్తగారు సంతోషించిరి.

1656లో ఔరంగజేబు, అప్పటికింకను రాజకుమారుఁడు, ఈ కోటను ముట్టడించెను. అబ్దుల్లా కుతుబ్ షా లోనుండెను. అప్పుడు ఆతని తల్లి హయాత్ బక్షీ బేగము శత్రువుల శిబిరమునకుఁ బోయి సంధిమాట లాడినది. కోటి రూపాయల ధనము, సుల్తాను కూఁతును ఔరంగజేబు పెద్దకొడుకున కిచ్చు వివాహము ఆ సంధికి వెల. ఢిల్లీనుండి షాజహాను ఆజ్ఞయు రాఁగా ముట్టడి తీఱినది. చరిత్ర వ్రాసినవారు ధనము లెక్క వ్రాసిరి. ముట్టడిలోఁ బెండ్లి నిశ్చయమైన ఆ పిల్ల మనసు లెక్క యెవ్వరు వ్రాయుదురు?

ఆ వెనుక గోడలో లోపము తోఁచి, ఈశాన్యపు గుట్టను గూడ లోనికిఁ జేర్చి నయా ఖిల్లా కట్టిరి. గోడ బలపడినది. 1687లో ఔరంగజేబు చక్రవర్తియై మరల వచ్చెను. ఎనిమిది మాసములు ముట్టడి సాగినది. వానలు పట్టినవి, కోటలోని వారికంటె వెలుపలి సైన్యమే కఱవుచేఁ గుందినది. గోడ క్రింద మొగలులు పెట్టిన మందుపాతర వారిమీఁదనే పేలినది. గోడ ఓడలేదు. గాదెయు ఓడలేదు. సెప్టెంబరు మాసమున ఒక రాత్రి, లంచమునకు లోఁబడిన అబ్దుల్లా పానీ యను సర్దారు లోపలినుండి తలుపు గడియ తీసెను. లంచమును త్రోసిపుచ్చిన అబ్దుర్రజాకు లారీ మేన డెబ్బదివఱకు గాయములు పడునంతదాఁక పోరాడెను. అయినను కోట దక్కలేదు. తానీషా దౌలతాబాదున చెఱనుండి 1699లో మరణించెను. మొగలులు ప్రవేశించిన వాకిటికి ఫతే దర్వాజా, అనఁగా విజయద్వార మని పేరు నిలిచినది. గెలిచినవారు పెట్టిన పేరది.

కథ ముగియఁగానే అత్తగారు కొంతసే పూరకుండి, "గడియ యెప్పుడును లోపలనే యుండును గదా!" అనిరి. ఆమె మమ్ముఁ జూచి యన్నమాట కాదు. అయినను మాకుఁ దగిలినది. ఇంటికి మనము ధాన్యము, బట్ట, బంగారము కూర్చుచుందుము. తలుపులు గట్టివి పెట్టింతుము. లోపలివారి నడుమ మాట పోయినచో అవి యెవరిని కాపాడును? తన కోటను కాచుకొనుటకు ఆ బేగము శత్రువునొద్దకే ముందుగా నడచిపోయినది. మేము దాఁటవలసినది వంటయింటి గడప మాత్రమే.

ఆ సాయంకాలము ఇల్లు చేరఁగానే మేమే ముందుగాఁ బోయి "అక్కయ్యా, కాఫీ త్రాగితిరా?" అని యడిగితిమి. ఆమె తలయెత్తి చూచి, "లేదు, నీకొఱకే యుంచితిని" అనెను. సోదరీమణులారా, ఇంతకంటె వ్రాయవలసిన దేమున్నది!